పక్కనుంచి చూసిన ఎనిమిది

నేను ఒక కంచు గంటను. ఆ మాట వినగానే గుడి గుర్తొచ్చి మీరు చెప్పులు విడవనక్కర్లేదు. పిడికిట్లో పట్టుకుని ఊపే చిన్న చేతిగంటను. చెక్క పిడి, అంచున ఒక సొట్ట, కడుపులో ఒకే ఒక్క నాలుక. ఆ నాలుకతో నేను చెప్పగలిగేది ఒకటే మాట. మనుషులకు బోలెడన్ని మాటలు వచ్చు గనక ఒకే సంగతిని రకరకాలుగా చెప్పి తప్పించుకుంటారు. నాకా వెసులుబాటు లేదు. మోగితే మోగినట్టు, లేకపోతే లేనట్టు.

శ్రీకాకుళం వైపు కంచు పోతపోసే ఒక వీధిలో పుట్టాను. ముందు మైనంతో నా రూపం చేసి, దానికి మట్టి పూసి కాల్చారు. మైనం కరిగి బయటికి పోయింది. అది ఖాళీ చేసిన ఇంట్లోకి నేను కొత్త కాపురానికి వచ్చినట్టు ఎర్రగా, వేడిగా దిగాను. చల్లారాక మట్టి పగలగొట్టి, నన్ను చేసిన ముసలాయన గోటితో ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఊఁ" అన్నాడు. అంతే. తరవాత నేను వేలకొద్దీ మార్కులు విన్నాను గానీ, అంత శ్రద్ధగా చూసి వేసిన మార్కు మళ్లీ వినడానికి చాలా ఏళ్లు పట్టింది.

నా మొదటి ఉద్యోగం విజయనగరం వీధుల్లో, పీచు మిఠాయి అమ్మే అప్పన్న చేతిలో. ఎంత బాగుండేదో! నేను మోగితే తలుపులు తెరుచుకునేవి. గులాబీరంగు పీచు పిల్లల ముక్కులకు, బుగ్గలకు, ఒక్కోసారి నా పిడికి కూడా అంటుకునేది. కొన్నాళ్లకు అప్పన్న బ్యాటరీతో పాడే స్పీకరు కొన్నాడు. దానికి పాటలు కూడా వచ్చు. నేను పాత ఇత్తడి సామాన్ల కొట్టుకు చేరి, చిల్లుపడ్డ గంగాళం పక్కన కూర్చున్నాను. సెలవులో ఊరొచ్చిన ఒక సైనికాధికారి ఆ కొట్లో నన్ను చూసి, ఊపి, "గొంతు బాగుందే దీనిది" అని సంచిలో వేసుకున్నాడు. ఆయనే కల్నల్ పరాంకుశం గారు. సైన్యంలో గుర్రాల దళంలో పనిచేశారు. రిటైరయ్యాక హైదరాబాదు శివార్లలో ఒక గుర్రపుస్వారీ క్లబ్బు పక్కనే ఇల్లు కట్టుకున్నారు. అక్కడ డ్రెస్సాజ్ పోటీలకు ఆయనే జడ్జి. అలా నేను మిఠాయి నుంచి న్యాయానికి మారాను.

డ్రెస్సాజ్ అంటే ఏమిటో చెప్పాలి కదా. అది పరుగుపందెం కాదు, గోడలు దూకించడం కాదు. పొడుగాటి ఇసుక మైదానం. చుట్టూ తెల్లటి చిన్న కంచె. కంచె వెంట అక్కడక్కడా ఇంగ్లీషు అక్షరాలు రాసిన చెక్కలు. గుర్రం ఒక చివరనున్న 'ఎ' దగ్గర లోపలికి వచ్చి, నేరుగా మధ్యగీత మీద నడిచి, సరిగ్గా నడిమధ్యన 'ఎక్స్' దగ్గర ఆగాలి. ఈ ఎక్స్ ఎక్కడా రాసి ఉండదు. అది ఉందని అందరూ నమ్ముతారు, అంతే. అక్కడ స్వారీ చేసేవాళ్లు జడ్జికి నమస్కారం పెట్టి, ఆ తరవాత గుండ్రాలు, వంపులు, చిన్న పరుగు, పెద్ద పరుగు అన్నీ ఒక వరసలో చేయించాలి. కొరడా చప్పుడు వినిపించకూడదు, గట్టిగా అదిలించకూడదు. మనిషి లోపల అనుకున్నది గుర్రం బయట చేసినట్టుండాలి. ఒక్కో అంశానికి సున్నా నుంచి పది దాకా మార్కులు. గుర్రానికి ఎదురుగా, రెండో చివర 'సి' అక్షరం వెనక చిన్న చెక్కగది. అందులో జడ్జి కూర్చుంటారు. ఆయన కళ్లు గుర్రం మీద నుంచి కదలకూడదు గనక మార్కులు పైకి చెబుతుంటే పక్కన ఒకరు రాస్తారు. బల్లమీద నేను. మొదలుపెట్టమనడానికి ఒకసారి మోగుతాను. దారి తప్పితే ఒకసారి. ఇక ఆపేయమనడానికి ఒకసారి. నా జీవితమంతా మోగడంకంటే మోగకుండా కూర్చోవడంలోనే గడిచింది.

ఆ బల్లమీద కూర్చుని నేను మార్కుల పుట్టుక చూశాను. చాలా సరదాగా ఉంటుంది. పొద్దున్నే మొదట వచ్చే గుర్రానికి ఎప్పుడూ కాస్త తక్కువే. "ముందుముందు ఇంకా బాగా చేసేవాళ్లు రావచ్చు" అని కల్నల్ గారు చోటు మిగిల్చి పెడతారు. ఇడ్లీ, వడ వచ్చిన తరవాత దిగే గుర్రాలకు అర మార్కు పెరుగుతుంది. పేరున్న గుర్రం వస్తే, అది ఇంకా గేటు దాటకముందే దాని మార్కు వచ్చి గదిలో కూర్చుంటుంది. అనుమానం వచ్చినచోట ఆరున్నర. ఆరున్నర వేస్తే ఎవరూ తగాదాకు రారు. ఇదంతా ఆయన దుర్మార్గుడై చేసినది కాదు. ఆయనంత మంచివాణ్ణి నేను చూడలేదు. ఓడిపోయిన పిల్లల్ని పిలిచి బిస్కెట్లు పెట్టేవారు. గుర్రాల ముక్కుమీద ముద్దు పెట్టేవారు. కానీ చూస్తున్నానని అనుకుంటూ గుర్తుతెచ్చుకోవడం ఎంత సులువో ఆ గదిలో నాకు తెలిసింది.

ఆయనకు ప్రాణమైన గుర్రం తూఫాన్. రేసుల నుంచి రిటైరైన బూడిదరంగు గుర్రం. దాని మీద స్వారీ చేసేది సంహిత. కోళ్లఫారాలున్న జంగారెడ్డి కూతురు, ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. తూఫాన్ ఎక్స్ దగ్గర ఆగితే చూడాలి. ముందుకాళ్లు రెండూ పక్కపక్కన స్తంభాల్లా, మెడ వంచి, చెవులు కదపకుండా. దాని మీద ఆ పిల్ల చెయ్యి కిందికి దించి తల వంచి నమస్కారం పెడితే మా గదిలో గాలి కూడా ఆగినట్టుండేది.

"ఎనిమిది రాయమ్మా," అనేవారు కల్నల్ గారు. ప్రతిసారీ అంతే.

రాసే అమ్మాయి కాత్యాయని. బ్యాంకు ఉద్యోగి, కొత్తగా పెళ్లయింది. ఆదివారాలు వాళ్లాయన ఆమెను స్కూటరు మీద దింపి, పోటీ అయ్యేదాకా చెట్టుకింద కూర్చుని ఎదురుచూసేవాడు. ఒక గుర్రం వెళ్లి ఇంకో గుర్రం వచ్చేలోపు ఇద్దరూ దూరం నుంచే చేతులూపుకునేవాళ్లు. ఆమె ఆ నవ్వు మొహంతోనే ఎనిమిది రాసేది. ఆ ఎనిమిది ఎంత గుండ్రంగా ఉండేదో!

అప్పుడు శర్వాణి గారు వచ్చారు.

ఒకప్పుడు బాగా స్వారీ చేసిన మనిషి. నడుం దెబ్బతిని మానేసి, జడ్జి కావడానికి నేర్చుకుంటున్నారు. అలా నేర్చుకునేవాళ్లు పెద్ద జడ్జి ఉన్న పోటీకి వచ్చి, విడిగా కూర్చుని తమ మార్కులు తాము వేసుకోవాలి. అవి లెక్కలోకి రావు. పోటీ అయ్యాక పెద్దాయన మార్కులతో పోల్చి చూసుకుని, తేడా ఎందుకొచ్చిందో మాట్లాడుకోవాలి. శర్వాణి గారు మా గదిలో కూర్చోలేదు. మైదానం పొడుగు వైపు, సరిగ్గా మధ్యలో 'ఇ' అక్షరం దగ్గర ఒక గొడుగు, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నారు. ఎక్స్‌కు అది నేరుగా పక్కవైపు.

ఆ సాయంత్రం పోల్చుకుంటే చాలాచోట్ల ఇద్దరి మార్కులూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. తూఫాన్ ఆగడం దగ్గర మాత్రం కల్నల్ గారిది ఎనిమిది, ఆమెది నాలుగు.

"ఏటమ్మా, నాలుగా? నిద్రపోయావేటి?" అన్నారు కల్నల్ గారు నవ్వుతూ.

"లేదు సార్. ముందుకాళ్లు బాగానే ఉన్నాయి. వెనక ఎడమకాలు వెనకే ఉండిపోయింది. గిట్ట కొన మాత్రం ఆనించి నిలబడుతోంది. బరువు వేయడం లేదు."

"నేను దాన్ని రెండేళ్లుగా చూస్తున్నాను."

"ఎదురుగా చూస్తున్నారు సార్. ఛాతీ అడ్డం. వెనక కాళ్లు అక్కణ్ణుంచి కనపడవు."

"ముందు నుంచి చూస్తే మొహం కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే చెవి కనిపిస్తుంది. చెవిని చూసి ఎవరైనా పెళ్లి చేసుకుంటారా?"

కాత్యాయని కాగితాలు సర్దుతూ, "మా ఆయన నన్ను మొదట పక్కనుంచే చూశారు సార్. బస్సు కిటికీలో," అంది. ఆ మాటకు శర్వాణి గారు కూడా నవ్వేశారు. కానీ కల్నల్ గారి నవ్వు మీసాల దగ్గరే ఆగిపోయింది.

ఈ సంగతి జంగారెడ్డికి తెలిసిపోయింది. క్యాంటీన్ దగ్గర శర్వాణి గారిని ఆపేశాడు. బల్లమీద కల్నల్ గారి టీ పక్కన నేనూ ఉన్నాను.

"ఏంది మేడమ్, మా తూఫాన్‌కు నాలుగేంది? సారు ఎనిమిదిచ్చిండు. మీరు సగానికి సగం కోసిన్రు. మా లారీ బోల్తా పడ్డనాడు గుడ్లు గూడ గిన్ని పల్గలే."

"ఆ మార్కులు లెక్కలోకి రావండీ. కానీ ఒకసారి గుర్రాల డాక్టరుకు ఆ కాలు చూపించండి."

"డాక్టరు మొన్ననే అచ్చిండు. టీకా ఏసి పోయిండు. ఏం రోగం లేదన్నడు."

"టీకా వేసేవాడు మెడ చూస్తాడు, కాలు చూడడు కదండీ."

సంహిత తండ్రి చెయ్యి పట్టుకుంది. "పోదాం పా నాన్నా. మేడమ్ ఇంకా నేర్సుకుంటున్నరు." మెల్లగానే అంది గానీ వినపడాలనే అంది.

ఆ పిల్లను నేను తప్పుపట్టను. నెలాఖరున జరిగే పోటీలో గెలిచినవాళ్లు రాష్ట్రం జట్టులో జాతీయ పోటీలకు వెళతారు. ఆ తరవాత చదువు అయిపోతుంది, బెంగుళూరులో ఉద్యోగం ఎదురుచూస్తోంది. ఈ ఏడు కాకపోతే ఆమెకు ఇక ఎప్పుడూ కాదు. రోజూ తెల్లవారకముందే వచ్చి, తూఫాన్‌ను స్వయంగా తోమి, దాని చెవిలో ఏదో చెప్పి ఎక్కేది. ఆగడం మాత్రం సాధన చేసేది కాదు. ఎనిమిది వస్తున్నదాన్ని ఎవరు మళ్లీ దిద్దుకుంటారు? తక్కువ వస్తున్న పరుగుల మీదే ఆమె కష్టమంతా.

పోటీకి ముందురోజు కల్నల్ గారే కబురు పెట్టి శర్వాణి గారిని పిలిపించారు. అప్పటికి ఆమె పరీక్ష పాసై జడ్జి అయ్యారు. ఈసారి ఇద్దరి మార్కులూ లెక్కలోకి వస్తాయి.

"రేపు నువ్వు నా గదిలో కూర్చో. నేను నీ గొడుగు కింద కూర్చుంటాను. నువ్వు చెప్పే ఆ కాలి తప్పేదో నేనూ చూస్తా. లేకపోతే మాత్రం అందరి ముందూ లేదని ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటాను సార్. ఉంటే?"

"ఉండదు," అన్నారు ఆయన.

మర్నాడు ఒక తమాషా జరిగింది. నన్ను మోగించాల్సింది సి దగ్గర కూర్చున్న జడ్జి మాత్రమే. పక్కన కూర్చునేవాళ్లకు గంట ఉండదు. అది కల్నల్ గారికి బాగా తెలుసు. కానీ ఇన్నేళ్ల అలవాటు. కళ్లజోడు, మంచినీళ్ల సీసా, టోపీతో పాటు నన్నూ సంచిలో వేసుకుని ఆ గొడుగు కిందికి నడిచారు. నన్ను చిన్నబల్ల మీద పెట్టారు కూడా. నాకు మాత్రం ఎంత సంతోషమో! అన్నాళ్లూ గుర్రాలు నాకు ఎదురుగా వచ్చే మొహాలే. ఇక్కడ మొదటిసారి గుర్రాన్ని తల నుంచి తోక దాకా పొడుగ్గా చూశాను. అడుగు వేస్తే వీపు ఎలా ఊగుతుందో, ముందుకాలి గుర్తులో వెనకకాలు ఎలా పడుతుందో, పొట్టకింద నీడ ఎలా పరిగెడుతుందో! పాత ఇంట్లోనే కొత్త కిటికీ దొరికినట్టయింది.

సి దగ్గర శర్వాణి గారు బల్ల కింద, కుర్చీ వెనక వెతికి, గంట కనిపించక చివరికి కాత్యాయని స్టీలు టిఫిన్ గిన్నెను చెంచాతో కొట్టి పోటీ మొదలుపెట్టారు. మొదటి గుర్రం ఆ చప్పుడుకు బెదరలేదు గానీ దాని మీదున్న కుర్రాడు బెదిరాడు. గొడుగు కింద కల్నల్ గారికి విషయం అర్థమై నాలుక కరుచుకున్నారు. మధ్యలో లేచి వెళితే గుర్రాలు బెదురుతాయని నన్ను ఒళ్లో దాచుకున్నారు.

తూఫాన్ వచ్చింది. ఎండ ఇంకా ఎక్కలేదు. సంహిత నల్లకోటు, తెల్ల చేతితొడుగులు. మధ్యగీత మీద దారం పట్టినట్టు నేరుగా వచ్చారు. ఎక్స్ దగ్గర ఆగారు. నమస్కారం.

అప్పుడు చూశాను. ముందుకాళ్లు రెండూ ఎప్పటిలాగే స్తంభాలు. వెనక కుడికాలు పొట్ట కిందికి బాగా వచ్చింది. ఎడమకాలు మాత్రం వెనక్కి చాచి, మడమ లేపి, గిట్ట కొన ఇసుకకు తాకిస్తూ ఉంది. వేడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడ్డవాళ్లు ఒక కాలు ఎత్తి పెట్టుకుంటారే, అలా.

పక్కన రాయడానికి కూర్చున్న క్లబ్బు సెక్రటరీ రెండుసార్లు అడిగాడు. "ఎంత సార్? ఎనిమిదేనా?"

"ఉండు."

తూఫాన్ చిన్న పరుగు అందుకుంది. ట్రాట్ అంటారు దాన్ని. కాళ్లు జంటలు జంటలుగా, గడియారంలా సమానంగా పడాలి. ఎడమకాలు పడిన ప్రతిసారీ చప్పుడు కొంచెం ముందే లేచిపోతోంది. చూసేవాళ్లకు తెలియనంత. వినేవాళ్లకు తెలుస్తుంది, నేను చప్పుడు కోసమే పుట్టినదాన్ని. కల్నల్ గారు కళ్లు మూసుకున్నారు. గుర్రాల మధ్య బతికిన మనిషి. ఆయన వేళ్లు నా పిడి చుట్టూ బిగుసుకున్నాయి. ఆయనకు నన్ను మోగించే హక్కు లేదు. ఆ పిల్లకు ఇది చివరి అవకాశం. తరవాత వచ్చేది సాగదీసిన పెద్ద పరుగు, ఒంటి బరువంతా వెనకకాళ్ల మీద పడేది.

ఆయన లేచి నిలబడి నన్ను మోగించారు.

నా గొంతు ఆ మైదానంలో ఎన్నిసార్లు వినపడిందో, కానీ ఆ వైపు నుంచి ఎప్పుడూ రాలేదు. సంహిత కళ్లాలు లాగి అటూ ఇటూ చూసింది. దారి తప్పానేమోనని అనుకుంది పాపం. శర్వాణి గారు గదిలోంచి బయటికి వచ్చారు. కల్నల్ గారు ఇసుకలో పడుతూ లేస్తూ ఆమె దగ్గరికి నడిచారు. నేను ఆయన చేతిలోనే ఉన్నాను.

"ఎంత వేశావమ్మా ఆగడానికి?"

శర్వాణి గారు, "ఎనిమిది," అన్నారు. "నాకు ఇక్కణ్ణుంచి ఏమీ కనపడలేదు సార్. నాకు ముందే తెలుసు కదా, అయినా వెతికాను. కనపడలేదు. కనపడనిదానికి ఎలా కొయ్యను?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గెలుపు ఎవరిదో తేల్చుకునే తీరిక ఇద్దరికీ లేకపోయింది. ఆపాలా కొనసాగించాలా అన్నది ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. ఆమె పక్కవైపు వచ్చి, తూఫాన్‌ను ఒకసారి ట్రాట్‌లో పంపమని, ఆయన పక్కనే నిలబడి చూశారు. తరవాత సంహిత దగ్గరికి వెళ్లి, "ఇక్కడితో ఆపేద్దామమ్మా. కాలు నొప్పిగా ఉంది దానికి," అన్నారు.

సంహిత దిగలేదు. మొహం ఎర్రబడింది. శర్వాణి గారిని చూడలేదు. కల్నల్ గారినే చూసింది.

"సార్, మీరే గదా ఎనిమిది ఇచ్చింది? ప్రతిసారి మీరే గదా? ఇయ్యాలొక్కనాడే కనపడ్డదా మీకు?"

"ఇయ్యాలే కనపడిందమ్మా."

"నేను మీ మార్కు చూసుకొనే దాన్ని ఎక్కుతున్న. మీరు నాలుగేసుంటే ఎప్పుడో దిగి చూస్తుంటి."

జంగారెడ్డి కంచె దగ్గర నుంచి ఏదో అరవబోయి కూతురి మొహం చూసి ఊరుకున్నాడు. కల్నల్ గారు టోపీ తీశారు. మాట్లాడటం బాగా వచ్చిన మనిషి. ఆ రోజు ఆయనకు నాలాగే ఒకే నాలుక ఉన్నట్టయింది. "అవునమ్మా," అన్నారు.

సంహిత దిగింది. తూఫాన్ ఎడమవైపుకు వచ్చి వంగి, ఆ కాలి వెనక కీలు మీద చెయ్యి పెట్టింది. తూఫాన్ కాలు లాగేసుకుంది.

డాక్టరు చూసి, కీలులో చాలాకాలంగా వాపు ఉందనీ, ఇలాగే పెద్ద పరుగులు చేయించి ఉంటే ఆ కాలు ఇక మామూలు కాలు అయ్యేది కాదనీ చెప్పాడు. ఇప్పుడు విశ్రాంతి, మందులు, ఆ తరవాత మెల్లగా నడక. జాతీయ పోటీలకు వేరే ఎవరో వెళ్లారు. ఆ జట్టు రైలెక్కిన రోజున సంహిత క్లబ్బుకు రాలేదు.

మా క్లబ్బులో ఆ తరవాత పద్ధతులు ఒక్కొక్కటిగా మారాయి. ఎంత చిన్న పోటీ అయినా ఇద్దరు జడ్జీలు, ఒకరు ఎదురుగా, ఒకరు పక్కన. ఇద్దరూ వంతులు మారతారు. పోటీ అయిపోగానే బల్ల చుట్టూ కూర్చుని తేడా ఉన్న ప్రతి మార్కు గురించి మాట్లాడుకోవాలి. మొదట్లో అది పెద్ద పోట్లాటలా ఉండేది. "నీకు ఏడెందుకు కనిపించింది?" అంటే "కనిపించింది అంతే" అనడం కుదరదు. అసలు ఏం చూశావో చెప్పాలి. చెప్పలేకపోతే చూడనట్టే. ఇడ్లీలు కూడా పోటీ అయ్యాకే అన్నారు శర్వాణి గారు. అందుకు మాత్రం అందరూ బాధపడ్డారు. గుర్రాల పేర్లు జడ్జీలకు ముందుగా చెప్పకూడదని కల్నల్ గారే ప్రతిపాదించారు. "మన దగ్గర బూడిదరంగుది ఒకటే ఉంది సార్, పేరు దాస్తే గుర్రం దాగుతుందా?" అని కాత్యాయని అడిగితే, ఆయన, "అయితే పేరు గుర్తొచ్చినప్పుడల్లా నన్ను మోచేత్తో పొడువు" అన్నారు. ఆమె నిజంగానే పొడిచేది. ఆయన ఆరున్నరలు తగ్గాయి. నాలుగులు వచ్చాయి, తొమ్మిదులు కూడా వచ్చాయి. ప్రతిదాని వెనకా ఒక వాక్యం ఉండేది. ఆ వాక్యం కోసం పిల్లలు మార్కుకంటే ముందు ఎగబడేవాళ్లు.

సంహిత చాలా వారాలు ఆయనతో మాట్లాడలేదు. ఒక ఆదివారం వచ్చి గొడుగు కింద నిలబడింది. "కాత్యాయని అక్కకు బాగలేదంట గదా. నేను రాస్త," అంది. కాత్యాయనికి వాంతులని, సంతోషించాల్సిన వాంతులేనని క్లబ్బంతటికీ అప్పటికే తెలుసు. ఆ రోజు సంహిత ఆయన చెప్పింది రాస్తూ, చెప్పనిచోట తల ఎత్తి, "సార్, వెనక కుడికాలు ఆలస్యం కాలే?" అని అడిగింది. రాసేవాళ్లు మాట్లాడకూడదు. అది నియమం. కల్నల్ గారు, "నియమం నియమమే. చూసింది మాత్రం గుర్తుపెట్టుకో, అయ్యాక మాట్లాడుకుందాం," అన్నారు. అయ్యాక చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎడమకాలు గురించి కాదు. దాని గురించి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోగా నేను వినలేదు.

ఇప్పుడు సి దగ్గర కరెంటుతో మోగే బజరు పెట్టారు. దాని గొంతు కొంచెం జలుబు చేసినట్టుంటుంది, నేను అసూయతో అంటున్నానని అనుకోకండి. నేను పక్కవైపు గొడుగు కింద, రాసే కాగితాలు గాలికి ఎగిరిపోకుండా వాటి మీద కూర్చుంటాను. మోగే పని లేదు. అందువల్ల తీరిగ్గా చూస్తాను. చూడటం ఎంత పెద్ద పనో ఇప్పుడు తెలుస్తోంది. మనుషులు దాన్ని కూర్చుని చేసే పని అంటారు గానీ, కల్నల్ గారు పోటీ అయ్యేసరికి తానే గుర్రంతో పాటు పరిగెత్తినట్టు చెమటతో తడిసిపోతారు.

మొన్న వానలు వెలిశాక జరిగిన చిన్న పోటీకి బెంగుళూరు నుంచి సంహిత వచ్చింది. ఉద్యోగం చేస్తోంది, సెలవు పెట్టి వచ్చింది. డాక్టరు సరేనన్నాడట. తూఫాన్ కాస్త లావయింది, బూడిదరంగు ఇంకా తెల్లబడింది. పెద్ద పరుగులేమీ లేని, పిల్లలు చేసే చిన్న పాఠమే. ఎ దగ్గర లోపలికి వచ్చారు. మధ్యగీత కొంచెం అటూ ఇటూ అయింది. ఎక్స్ దగ్గర ఆగారు. వెనక ఎడమకాలు ఆలస్యంగా వచ్చింది. వెనకే ఆగింది. నా పక్కన కల్నల్ గారు కుర్చీలో ముందుకు వంగారు. తూఫాన్ ఒక్కసారి చెవి ఊపి, ఆ కాలు ఎత్తి, ముందుకు తెచ్చి, గిట్ట మొత్తం ఇసుకలో దిగేలా పెట్టింది. బరువు ఆనింది. అప్పుడు సంహిత నమస్కారం పెట్టింది.

"ఆరు," అన్నారు కల్నల్ గారు. "ఆలస్యంగా, కానీ నాలుగు కాళ్లమీదా. అలాగే రాయి."

సి దగ్గర శర్వాణి గారూ ఆరే వేశారని తరవాత తెలిసింది. ఆమెకు ఎదురుగా మధ్యగీత వంకర కనిపించింది.

"ఆరేనా సార్?" అన్నాడు జంగారెడ్డి కంచె మీద నుంచి వంగి. "గింత దూరం నుంచి అచ్చింది పిల్ల!"

"ఊకో నాన్నా," అంది సంహిత. "మస్తు ఆరు అది."

ఎనిమిది వచ్చే రోజుల్లో ఆమె దిగగానే జడ్జి గది వైపు చూసేది. ఈసారి ఎటూ చూడలేదు. దిగి, ఎడమవైపుకు వచ్చి, వంగి ఆ కీలు మీద అరచెయ్యి పెట్టింది. తూఫాన్ కాలు లాక్కోలేదు. దాని మీదే ఒళ్లంతా ఆనించి నిలబడి, మెడ వెనక్కి తిప్పి, బెల్లంముక్క కోసం ఆమె కోటు జేబు వెతకడం మొదలుపెట్టింది.